మెయిన్ ఆపని మనిషి

అత్తయ్యకు నమస్కారాలతో మీ కోడలు రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, పాపా క్షేమమే. క్షేమం అని రాసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి కాస్త ఆగుతుంది గానీ, ఒంట్లో ఇద్దరికీ బాగానే ఉంది. మీ మోకాళ్లకు కొత్త మందు పడిందో లేదో మీరు రాయలేదు. పర్లేదులే అని ఊరుకోకుండా వదిన చేత రోజూ మోకాళ్లకు మందు రాయించుకోండి. ఉత్తరాలెందుకు, ఫోను చెయ్యొచ్చు కదా అని వదిన అంటోందట. ఫోనులో మీకు సరిగ్గా వినపడదు. నేను చెప్పబోయేవి అరిచి చెప్పగలిగే మాటలు కావు. అందుకే ఇవాళ షాపుకు సెలవు పెట్టి, పాప బడికి వెళ్లాక, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీరు అడిగిన వాటికి ముందు జవాబులు రాస్తాను. పాపకు ముందు పన్ను ఊడింది. నవ్వితే అచ్చం మీరే అని పక్కింటావిడ అంటే అలిగింది. అన్నం బాగానే తింటోంది. బట్టలు సరిచేసే షాపులో నా పని కుదురుగానే ఉంది. ఎవరి నడుము సన్నబడిందో, ఎవరిది లావెక్కిందో నాకు తెలిసినంతగా వాళ్ల ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. లావెక్కినవాళ్లంతా బట్టే కుదించుకుపోయిందంటారు. అవునండీ అని కుట్లు వదులు చేసి ఇస్తాను. కిటికీ పక్క మిషను నాకిచ్చారు. మీరు బెంగపడినంత చీకటి గదేమీ కాదు.

ఈ వయసులో నీకు ఇంగ్లిషు క్లాసేమిటి, ఎవరితో మాట్లాడాలని అని అడిగారు. మీరు ఊరికి వెళ్లేటప్పుడు, మీ అబ్బాయి పోయిన ఆ ప్రమాదం రిపోర్టు మడతపెట్టి నా చేతిలో పెట్టారు, గుర్తుందా? "ఇందులో వాడి గురించి ఏం రాశారో అక్షరం అక్షరం చదివి నాకు చెప్పు" అన్నారు. వాళ్లనూ వీళ్లనూ అడిగితే తలా ఒక అర్థం చెప్పారు. సొంతంగా చదువుకుంటే తప్ప తేలదనిపించి చేరాను.

క్లాసు సైకిళ్ల షాపు మీది గదిలో. టీచరమ్మ ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి. గొంతు చిన్నది, పట్టు పెద్దది. నాతో పాటు ఒక టాక్సీ డ్రైవరు, ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒకావిడ, ఇంకొందరు ఉన్నారు. ప్రతి ఒక్కరూ ఇంటి దగ్గర ఒక ఇంగ్లిషు వాక్యం రాసుకుని రావాలి. ఈ మధ్య నెల రోజులుగా ఒకటే పాఠం నడుస్తోంది. ఒకదాన్ని వర్ణించే మాట దాని పక్కనే ఉండాలి, దూరం జరిగితే అర్థం మారిపోతుంది. దానికి టీచరమ్మ ఏదో పేరు చెప్పారు గానీ, నేను మాత్రం అతుకుమాట అనుకుంటాను. అతుకు వెయ్యాల్సిన చోట వెయ్యకపోతే ఏమవుతుందో కుట్టుపని చేసేదాన్ని నాకు ఒకరు చెప్పాలా?

డ్రైవరు ఒకరోజు "గట్టిగా మొరుగుతూ నేను కుక్కను తరిమాను" అన్న అర్థం వచ్చేలా రాసుకొచ్చాడు. "మొరిగింది నువ్వా, కుక్కా?" అని టీచరమ్మ అడిగారు. "ఆరోజు ఇద్దరం మొరిగాం మేడం" అన్నాడు. మీ అబ్బాయి పోయాక నేను పైకి నవ్వింది అదే మొదటిసారి. నవ్వి, మళ్లీ నాకే సిగ్గేసింది.

ఆయా రాసిన వాక్యానికి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. మాత్రమే అన్న మాటను ఎక్కడ పెట్టాలో తేలక మూడు రకాలుగా రాసుకొచ్చింది. నేను మాత్రమే ఆయనకు నీళ్లిచ్చాను, ఆయనకు మాత్రమే నీళ్లిచ్చాను, నీళ్లు మాత్రమే ఇచ్చాను. ఇందులో నువ్వు చెప్పాలనుకున్నది ఏదని టీచరమ్మ అడిగితే, ఎవరూ చూడటానికి రాని ఒక ముసలాయన గురించి చెప్పి, చివరికి ఆయన నీళ్లు తప్ప ఏదీ మింగలేకపోయారని చెప్పి కూర్చుంది.

మరునాడే నేను రిపోర్టు తీసుకెళ్లాను. అందులో మనకు కావలసింది ఒక్క వాక్యం. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "మెయిన్ ఆపకుండా, లిఫ్టు కదిలి, మెకానిక్ పడిపోయాడు." టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. ఈ వాక్యం ప్రకారం మెయిన్ ఆపాల్సింది లిఫ్టేనమ్మా అన్నారు. ఆపకుండా అన్న మాట పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషిని రాసినవాళ్లు వదిలేశారు. తెలియక వదిలేశారో, తెలిసే వదిలేశారో నేను చెప్పలేను అన్నారు.

ఆ మనిషి ఎవరో నాకు తెలుసనుకున్నాను. మీరూ తెలుసనే అనుకున్నారు. పొడుగాయన. మీ చేతి అన్నం ఎన్నిసార్లో తిని, మిమ్మల్ని అమ్మా అని పిలిచిన మనిషి, మీ అబ్బాయికి పనిలో జోడీ. ఆరోజు కరెంటు మెయిన్ ఉండే పై గదిలో ఉన్నది ఆయనే. మీ అబ్బాయి కింద లిఫ్టు కప్పు మీద ఉన్నారు. పైనున్నవాడు కాక ఇంకెవడు ఆపుతాడని మీరు అందరి ముందూ అడిగారు. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆయన కనిపిస్తే నేను వీధి దాటి అవతలి వైపు నడిచేదాన్ని. నేను మొహం తిప్పుకోవడం చూసి పాప కూడా నేర్చుకుంది.

పోయిన ఉత్తరంలో మీరు, ఆ రిపోర్టులో వాడి పేరు పడేదాకా వదలకు, నా కొడుకు చావుకు బాధ్యుడెవరో తెలియాలి అని రాశారు. వదల్లేదు అత్తయ్యా. వాక్యం తప్పుగా ఉంది, ఎవరు ఆపలేదో తేల్చి సరిగ్గా రాయండి అని అర్జీ పెట్టాను. మనకు రావలసిన డబ్బు సంగతి ఆఫీసువాళ్లు ముందే తేల్చేశారు. తప్పెవరిదైనా అది మారదు. పొడుగాయన పేరు పడితే మాత్రం ఆయన పని పోతుందని, మళ్లీ ఏ లిఫ్టు కంపెనీ ఆయన్ని పెట్టుకోదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. పోతే పోనీ అనుకున్నాను.

పోయిన వారం ఆఫీసుకు పిలిచారు. చిన్న గది, పొడవాటి బల్ల, గోడకు పాత లిఫ్టు బొమ్మ. రిపోర్టు రాసిన సేఫ్టీ ఆఫీసరు నా వయసు ఆడమనిషే. ఎదురుగా పొడుగాయన. మనిషి సగమైపోయాడు. చొక్కా భుజాలు కిందికి జారిపోతున్నాయి. కొలతలు చూసే అలవాటు కదా, కంట పడింది.

ఆఫీసరు నా అర్జీ పైకి చదివింది. వాక్యం తప్పని ఒప్పుకుంది. "ఆరోజు రాసేటప్పుడు ఇద్దరిలో ఒకరి పేరు పెట్టాలమ్మా. ఒకరు లేరు. ఇంకొకరు గోడకానుకుని వణుకుతున్నారు. ఎవరి పేరూ లేకుండా రాశాను. తప్పని తెలిసే రాశాను" అంది. ఇప్పుడు సరిచేస్తాను, ఎవరి పేరు రాయాలో చెప్పండి అని ఆయన వైపు చూసింది.

"నా పేరు రాయండి మేడం" అన్నాడాయన.

ఆ మాట కోసమే వెళ్లాను. ఇన్నాళ్లూ కుట్టుమిషను ముందు కూర్చుని ఆ మాటే తలుచుకున్నాను. తీరా విన్నాక మనసు తేలిక పడలేదు. వాదించకుండా, ఒక్క సాకైనా చెప్పకుండా, తన వంతు కోసం ఎదురుచూస్తున్నవాడిలా చెప్పాడు. ఆఫీసరు కలం తీసింది. ఒక్క నిమిషం ఆగండి అని ఆమెతో చెప్పి, నేను ఆయన్ని అడిగాను, కిందికి వెళ్లే ముందు మా ఆయన మీతో ఏమన్నారని.

ఏమీ లేదు వదినా అన్నాడు. మళ్లీ అడిగాను. బల్ల మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు. మూడోసారి అడిగితే చెప్పాడు.

"ఆపనా అని అడిగాను. 'రెండు నిమిషాల పనికి మెయిన్ ఎందుకురా, ఎక్కి దిగేలోపు అయిపోతుంది' అన్నాడు. నవ్వుతూ వెళ్లాడు. కింద ఎవరో బటన్ నొక్కారు."

అత్తయ్యా, ఆ మాట పొడుగాయన కల్పించుకున్నది కాదు. అది మీ అబ్బాయి మాట. ఇంట్లో ఫ్యూజు పోయిన ప్రతిసారీ నేను విన్న మాట. నేను స్టూలు పట్టుకుని మెయిన్ ఆపండి, ఆపండి అని మొత్తుకుంటుంటే, రెండు నిమిషాల పనే అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి పైకెక్కేవారు. చిన్నప్పుడు తడిచేత్తో రేడియో ప్లగ్గు లాగి గోడ దాకా ఎగిరిపడ్డాడని, లేచి మళ్లీ అదే ప్లగ్గు పట్టుకున్నాడని మీరే కదా నాకు చెప్పి నవ్వించారు. కప్పు మీదికి ఎక్కే మనిషే మెయిన్ ఆపి, తాళం వేసి, చెవి తన జేబులో పెట్టుకోవాలన్నది వాళ్ల పనిలో రూలు అని ఆఫీసరు చెప్పింది. ఆ రూలు ఆయనకు తెలియక కాదు. కొత్తవాళ్లకు నేర్పింది ఆయనే.

ఇంతసేపూ ఊసులన్నీ రాసి, చెప్పాల్సింది చివరికి తోశాను. ఇక తోయలేను. ఆ గదిలో నేను ఆఫీసరుతో అన్న మాట ఇది.

"మా ఆయన పేరు రాయండి."

పొడుగాయన లేచి నిలబడి, వద్దు వదినా, పోయినవాడి మీద వేయొద్దు అన్నాడు. నిజం ఎవరి మీద పడితే వాళ్ల మీదే పడనివ్వండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అప్పుడు ఆయన, అయితే నాదీ రాయండి, నాకు తెలిసి కూడా ఊరుకున్నాను అని పట్టుబట్టాడు. అవసరం లేదని ఆఫీసరు ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆమె రెండు వాక్యాలు రాసి కాగితం నా ముందుకు జరిపింది. ఇంగ్లిషులోనే చదువుకున్నాను, ఎవరినీ అడగకుండా. మెయిన్ ఆపని మెకానిక్ లిఫ్టు కప్పు మీద ఉండగా లిఫ్టు కదిలింది. ఆ సంగతి తెలిసిన అతని జోడీ అతన్ని ఆపలేదు. ప్రతి మాటా ఎవరిదో వాళ్ల పక్కనే ఉంది. వెతికినా తప్పు దొరకలేదు. తప్పు దొరికితే బాగుండునని వెతికాను.

సంతకం పెట్టి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు అత్తయ్యా. ఆరోజు ఏడవడానికి పక్కన కోపం తోడుంది. ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోను? స్టూలు దగ్గర నిలబడి మొత్తుకున్న నా మాట ఒక్కసారి విని ఉంటే అని ఆయన మీదే వచ్చింది. ఫొటోతో పోట్లాడుతున్నాను. మీకు కూడా ఇదే మిగులుతుందని తెలిసీ రాస్తున్నాను. నా కొడుకు పేరు నువ్వే రాయించావా అని మీరు అడుగుతారు. అవును, నేనే రాయించాను. దాచిపెడితే మీరు ఇంకా ఎన్నేళ్లు ఆ మనిషిని తిట్టుకుంటూ కూర్చునేవారో, నేను ఇంకా ఎన్నేళ్లు వీధి దాటేదాన్నో.

పొడుగాయన పని పోలేదు. కొన్నాళ్లు లిఫ్టు ఎక్కకుండా స్టోరులో కూర్చోబెట్టారు. ఆరోజు సాయంత్రం పాపకు చెప్పాను. "మెయిన్ ఆపంది అంకుల్ కాదా?" అని అడిగింది. కాదమ్మా, నాన్నే అన్నాను. నాన్నకు తెలీదా అంది. తెలుసు, అయినా ఆపలేదన్నాను. చాలాసేపు చెప్పు పట్టీ పెడుతూ, తీస్తూ కూర్చుంది. మర్నాడు బడికి వెళ్లే దారిలో పొడుగాయన ఎదురైతే నా చెయ్యి వదిలేసి ఆయన దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన వంగి దాని సంచీ అందుకుని బడి దాకా మోసుకొచ్చాడు.

ఒక్కసారి అమ్మ దగ్గరికి వెళ్లి రావాలని ఉంది, రానిస్తారా వదినా అని ఆయన నన్ను అడిగాడు. మిమ్మల్ని అడక్కుండానే మీ అడ్రసు రాసిచ్చాను. వచ్చే ఆదివారం బస్సుకు బయల్దేరతాడు. గుమ్మం దగ్గర నిలబడిపోతాడు, లోపలికి రమ్మంటే గానీ రాడు. చెప్పడానికి ఆయన దగ్గర మాటలేమీ ఉండవు. మీ అబ్బాయి చివరిసారి నవ్వడం చూసింది ఆయన ఒక్కడే. ఆ నవ్వు ఎలా ఉందో అడగండి. నేను అడగలేకపోయాను. మీరు అడిగి నాకు రాయండి.

నన్ను తిట్టాలనుకుంటే అది కూడా రాయండి. రాయడం మాత్రం మానకండి.

ఇట్లు,
మీ అబ్బాయి పేరు చెప్పి, మీ జవాబు కోసం చూస్తున్న
మీ కోడలు