‘మాట లేదు’ అనే లేబుల్

గుంటూరు

మొహిద్దీన్ బాబాయ్‌కి సుప్రజ నమస్కారాలు.

షాపు ఫోను గిరాకీ కోసం ఖాళీగా ఉండాలని, నన్ను కూడా చెయ్యొద్దన్నారు కాబట్టి, రోజూ నరసరావుపేట నుంచి గుంటూరు వచ్చిపోయే స్టీఫెన్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మీ ప్రకటన నడుస్తోంది. ఎవరైనా ఫోనులో ‘మాచవరంలో బోరు మోటారు రిపేరు’ అనో, ‘రెంటచింతలలో మోటారు వైండింగ్’ అనో వెతికితే మీ షాపు పైన కనిపిస్తుంది. నొక్కితే నేరుగా మీ ఫోనే మోగుతుంది. నొక్కిన ప్రతిసారీ మన డబ్బు కొంచెం తరుగుతుంది. అందుకే ఏ మాట గిరాకీ తెస్తోందో, ఏది దండగో తెలియాలి. ఆ మాటలన్నీ రబియా పిన్ని ఫోనులో పెట్టాను. ఒక్కోదానికి ఒక లేబుల్ తగిలించండి. ఊళ్ళ సంగతి నాకంటే మీకు తెలుసు. తర్వాత లేబుల్ వారీగా తీసి చూసి, దండగవి ఆపేసి, ఆ డబ్బు గిరాకీ ఉన్నవాటికి మళ్ళిస్తాను.

బ్రహ్మయ్య గారి షాపు పేరు కూడా వేశాను. ఆయన కోసం వెతికేవాళ్ళకి మీరు కనిపిస్తారు. ఈ పని అందరూ చేసేదే, కోప్పడకండి.

ఈ ఎండాకాలం కూడా ఇట్లాగే పోతే షాపు మూసి మాచర్లలో అల్లుడి గ్యారేజీలో పనికి కూర్చోవాలన్నారు. నేనుండగా ఆ పరిస్థితి రానివ్వను.

మీ పక్కింటి శేషారత్నం కూతురు,
సుప్రజ

తా.క.: మీ షాపు పేరు మీద మాత్రం ప్రకటన వెయ్యలేదు. ‘నా పేరు తెలిసినోడు నడిచే వస్తాడు’ అని మీరే అన్నారుగా.

---

నరసరావుపేట

అమ్మాయి సుప్రజకు, చల్లగా ఉండు తల్లీ.

లేబుళ్ళు తగిలించా. ఇది మాకు కొత్తేం కాదు. షాపులోకి మోటారు రాగానే తీగతో అట్టముక్క కడతాం. ఎవరిది, ఏ ఊరు, మనకేమవుతారు, అన్నీ దాని మీద రాస్తాం. మా ఉస్తాదు నేర్పిన పద్ధతి.

అయితే గిరాకీ, దండగ అని రాయడానికి చెయ్యి రాలేదు. మాచవరం మా చెల్లెలు ఆసియా అత్తగారి ఊరు. ఆ ఊరి మెడలో ‘దండగ’ అని కడితే, రేపు వాళ్ళకి తెలిస్తే, చెల్లెలి కాపురం ఏం కావాలి? అందుకని మాచవరానికి ‘మనోళ్ళు’ అని పెట్టా. రెంటచింతలకి ‘పెళ్ళికి రానోళ్ళు’. మా అమ్మాయి రేష్మా పెళ్ళికి ఇంటింటికీ వెళ్ళి పిలిస్తే ఒక్కడు రాలా. సత్తెనపల్లికి ‘బేరమాడేవాళ్ళు’. బ్రహ్మయ్యకి ‘మాట లేదు’. ఇద్దరం ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకుని, ఒకే షాపు నడిపి, బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలనే దగ్గర విడిపోయాం. అంతకంటే రాయబుద్ధి కాలేదు.

ఇట్లు,
ఖాజా మొహిద్దీన్

తా.క.: పనికి పొద్దున్నే మొదటి చెయ్యి మనదే పడాలనేది ఉస్తాదు మాట. అందుకని షట్టరెత్తి, బిస్మిల్లా అనుకుని, ఫోనులో నా షాపు పేరు కొట్టి, పైన వచ్చినదాన్ని నా చేత్తో నేనే ఒక్క నొక్కు నొక్కుతున్నా. బోణీ అన్నమాట. ఏదో మోటారు బొమ్మ, కింద అంతా ఇంగ్లీషు. చానా బాగుంది.

---

గుంటూరు

బాబాయ్‌కి నమస్కారాలు.

మీ లేబుళ్ళు చూసి మొదట తల పట్టుకున్నాను. కానీ మీరే గెలిచారు. ‘మనోళ్ళు’ అని తీసి చూస్తే మాచవరం నుంచి ఫోన్లే ఫోన్లు! అందుకే డబ్బంతా మాచవరానికే పెట్టాను. పెళ్ళికే రానివాళ్ళు షాపుకేం వస్తారని రెంటచింతల ఆపేశాను. సత్తెనపల్లి కూడా. ‘మాట లేదు’ మాత్రం ఉంచాను, రోజూ పొద్దున్నే అందులోంచి ఒక ఫోను వస్తోంది.

ఈసారి మాచర్ల బస్సు ఎక్కే పని లేదు.

మీ సుప్రజ

తా.క.: మీ ప్రకటన మీరు నొక్కకండి, మీ కాళ్ళకి దండం పెడతాను. ప్రతి నొక్కుకీ డబ్బు పోతుంది.

---

నరసరావుపేట

అమ్మాయ్ సుప్రజా,

ఫోన్లు వస్తున్న మాట నిజమే. ఆసియా ‘మా అన్న షాపు ఫోనులోకి ఎక్కింది’ అని వీధి వీధంతా చూపించింది. చూసిన ప్రతివాడూ నొక్కడమే. ‘మామా, భోంచేశావా? అత్త మోకాళ్ళ నొప్పులు తగ్గినయ్యా?’ అని పొద్దుగూకేదాకా పలకరింపులే. ఒక్క మోటారు కాలలేదు. కాలిందా అని నేనే అడుగుతుంటే, అదేం నోరు మామా అంటున్నారు.

నిన్న రెంటచింతల ట్రాక్టరొకటి కాలిన మోటార్లు వేసుకుని మన షాపు ముందు నుంచే పోయింది. ఆగుతుందేమోనని లేచి నిలబడ్డా. ఆగలా.

నువ్వన్న ఆ పొద్దుటి ఫోను సంగతి కూడా విను. షట్టరెత్తగానే మోగుతుంది. హలో అంటా. అవతల ఎవరో ఊపిరి పీలుస్తారు, పెట్టేస్తారు. నంబరు తెలియదు.

శుక్రవారం అల్లుడు వసీం వైండింగ్ మిషను తీసుకుపోవడానికి వస్తున్నాడు. నా షాపును నేనే మూసుకోవాలంటే గుండె తరుక్కుపోతోంది తల్లీ.

ఇట్లు,
మొహిద్దీన్

తా.క.: నువ్వు వద్దన్నప్పటి నుంచి నేను నొక్కడం లేదు. మీ పిన్ని నొక్కుతోంది.

---

గుంటూరు

బాబాయ్‌కి,

నన్ను క్షమించండి. రెంటచింతల మళ్ళీ పెడదామంటే ‘మాట లేదు’కి పక్కన పెట్టిన కాస్త తప్ప ఈ నెల డబ్బంతా మాచవరం పలకరింపులకే అయిపోయింది. ‘మనోళ్ళు’ అని తీసి చూడాలంటేనే నాకు ఏడుపొస్తోంది.

ఆశ ఉన్నది ఇక ఒక్క ‘మాట లేదు’ మీదే. ఒక్క రోజు కూడా తప్పకుండా ఫోన్ చేసేవాడికి ఏదో పెద్ద పనే ఉండి ఉంటుంది. మొహమాటస్తుడేమో. ఈసారి పెట్టెయ్యనివ్వకండి, బతిమాలైనా మాట్లాడించండి.

సుప్రజ

తా.క.: మీ షాపు పేరు మీద మనం ప్రకటనే వెయ్యలేదని మొదటి ఉత్తరంలోనే రాశాను కదా. మరి పిన్ని రోజూ నొక్కుతున్నది ఎవరిది?

---

నరసరావుపేట

అమ్మాయి సుప్రజకు,

ఇది నీకు చేరేసరికి షాపు ఉండదు.

శుక్రవారం పొద్దున షట్టరెత్తగానే ఆ ఫోను మోగింది. నువ్వు చెప్పినట్టే బతిమాలా. ‘ఎవరివైనా సరే అన్నా, ఒక్క మాట మాట్లాడు. రేపట్నించి ఈ షాపుండదు’ అన్నా. ఈసారి పెట్టెయ్యలా. ‘ఏందిరా నువ్వనేది?’ అని బ్రహ్మయ్య గొంతు.

టీ చల్లారే లోపు స్కూటరేసుకుని వచ్చేశాడు. వాడికీ అదే ఉస్తాదు కదా! వాడూ పొద్దున్నే తన షాపు పేరు కొట్టి, పైన వచ్చినదాన్ని బోణీకి నొక్కుతున్నాడు. పైన ఉండేది నువ్వు వేసిన మన ప్రకటన. ఇక నా షాపు పేరు మీద బ్రహ్మయ్య ప్రకటన వేయించింది వాడి మేనల్లుడు అఖిల్. నేనూ మీ పిన్నీ ఇన్నాళ్ళూ నొక్కింది దాన్నే. వాడి డబ్బు మేం కరిగించాం, మా డబ్బు వాడు కరిగించాడు. ఉస్తాదే ఉంటే ఇద్దరి చెవులూ మెలిపెట్టేవాడు.

‘మొదటిరోజే నా గొంతని తెలిసిందిగా. మళ్ళీ మళ్ళీ ఎందుకు నొక్కావురా?’ అని అడిగా.

వసీం తెచ్చిన ఆటో వైపు చూస్తూ చెప్పాడు. ‘మాట్లాడబుద్ధి కాలా. వినబుద్ధయింది. నీ హలో విన్నరోజు పని బాగా సాగేది.’

నాకు దుఃఖం ఆగలేదమ్మా. వసీం తొందర పెడుతుంటే బ్రహ్మయ్యే ఒక చెయ్యేసి మిషను ఆటోలోకి ఎక్కించాడు. మేమిద్దరం కలిసి కొన్న మిషను అది. ఖాళీ షాపులో ఇద్దరం కాసేపు కూర్చున్నాం.

మిగతావన్నీ ఆపెయ్. బ్రహ్మయ్య పేరు మీద ఉన్నది మాత్రం ఆపకు, దాని లేబుల్ ఒక్కటి తీసెయ్. మాచర్లలో కూడా పొద్దున్నే ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటా.

ఇట్లు,
ఖాజా మొహిద్దీన్

తా.క.: ఇప్పుడే మాచవరం నుంచి ఆసియా అత్తగారు ఫోన్ చేసింది. నేను భోంచేశానా లేదా అని అడగలేదు. నిజంగానే మోటారు కాలిందట! షాపు మూసేశానని చెప్పడానికి నోరు రాక బ్రహ్మయ్య నంబరిచ్చా. దీన్ని గిరాకీ కింద కడతావో, దండగ కింద కడతావో నీ ఇష్టం.