మీరు లేరని సాక్ష్యం

సుశీల బాపుకు,

పోలీసు యాక్షన్ గడబిడలో మీరు ఇల్లు విడిచి ఏడేండ్లు దాటింది. చొప్పదండిలో మన వంతు పొలం మీ తమ్ముడే దున్నుకుంటున్నాడు. అడిగితే, "అన్న రానీ వదినా, ఆయన చేతులనే పెడ్త" అంటాడు.

అందుకే కరీంనగర్ వకీలు దగ్గరికి పోయాను. ఏడేండ్లుగా మీ జాడ అయినవాళ్లెవరికీ తెలియదని సాక్ష్యాలుంటేనే మీరు లేరని కోర్టు ఒప్పుకుంటుందట. ఆ తరువాతే మన వాటా అడగవచ్చట. హుజూరాబాద్ పోయి మీ అక్కను అడిగాను. ఉట్నూర్ పోయి మీ స్నేహితుణ్ని అడిగాను. ఇద్దరూ తెలియదన్నారు. వాళ్లు తెలియదన్నకొద్దీ దావాకు బలం పెరిగింది. నాకు మాత్రం ఆ పూటల్లో అన్నం సయించలేదు.

నిన్న వకీలు నా ముఖం చూసి ఆగాడు. "పెనిమిటి సచ్చిండని దావా ఏస్తున్నవ్, మరి నుదుట గా బొట్టేందమ్మా అని అవతలి వకీలు అడుగుతడు. ఏం చెప్తవ్?"

"అలవాటని చెప్త."

"అలవాటు గాదు, ఆశ అంటడు. దావా ఆడ్నే పడిపోతది."

నాకూ మన బిడ్డ సుశీలకూ ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు. రేపు బొట్టు లేకుండా పోయి సంతకం పెడతాను. ఈ ఉత్తరాన్ని ఇప్పుడే పొయ్యిలో వేస్తున్నాను. ఎవరికైనా దొరికితే, మీరున్నారని నేను నమ్ముతున్నట్టు ఇదే సాక్ష్యమవుతుంది.