వెంట్రుకవాసి తేడా

చిరంజీవి మా ఫ్యూజుకి నాన్న దీవించి రాసేది ఏమంటే,

"ఇక్కడ అందరం క్షేమం" అని అలవాటుగా రాసి కొట్టేశాను. కొట్టివేత నీకు కనబడుతూనే ఉంటుంది. అందరం అనడానికి ఇక్కడున్నది నేనొక్కణ్ణే కదా. కాబట్టి నేను క్షేమం. నువ్వూ అల్లుడూ పాపా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. పాప పుట్టినప్పటి బరువూ ఇప్పటి బరువూ రెండూ రాశావు, చాలా సంతోషం. ముక్కు ఎవరిదో ఇంకా తేలలేదన్నావు. తొందరేముంది, అదెక్కడికి పోతుంది! నీ ముక్కు కూడా ఏడాది నిండేదాకా ఎవరిదీ కాదు. ఆ తరవాత నా ముక్కయి కూర్చుంది, పాపం.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటోంది, దిగేటప్పుడే మాట వినడం లేదు. అందుకని దిగడం తగ్గించాను. వంట నేనే చేసుకుంటున్నాను. మొదటి వారం అన్నీ మాడాయి, రెండో వారం ఏదీ ఉడకలేదు, ఇప్పుడు మధ్యరకంగా కుదురుతోంది. ఉప్పు దగ్గరే చేతికి ఇంకా అందాజు రాలేదు. మీ అమ్మ కళ్ళజోడు బీరువాలో పెట్టానా అని అడిగావు. పెట్టలేదు. మిషను మీద, ఆవిడ పెట్టిన చోటే ఉంది. ఆ మిషను గురించీ, నీకు పంపిన టేపు గురించీ నువ్వడిగింది చదివాను. నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను. అది చివర రాస్తాను. ముందు కొట్టు సంగతి చెప్పనీ.

కొట్టు రోజూ తెరుస్తున్నాను. రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు గానీ వింత వింత సింథసైజర్లు, అదే కరెంటుతో పలికే వాద్యాలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయి. పోయిన వారం ఒక నర్సు చెక్కపెట్టె ఒకటి పట్టుకొచ్చింది. దానికి రెండు తీగలు, చివర క్లిప్పులు. కుండీలో మొక్క ఆకులకి ఆ క్లిప్పులు తగిలిస్తే ఆకులో తేమను బట్టి పెట్టె పాడుతుందట. సాయంత్రాలు వార్డులో ముసలివాళ్ళకి వినిపిస్తుందట. "పది రోజులుగా మూలుగుతోందండీ, పాడటం లేదు" అంది. రెండు గంటలు విప్పి చూశాను. పెట్టెలో ఒక్క లోపం లేదు. "అమ్మా, మొక్కకి నీళ్ళెవరు పోస్తున్నారు?" అని అడిగాను. నాలిక కరుచుకుంది. "ఆయా పోస్తోందని నేనూ, నేను పోస్తున్నానని ఆయా..." అంది. చీటీ మీద "మొక్కకు నీళ్ళు పోయవలెను" అని రాసి చేతికిచ్చాను. మీ అమ్మకి చెబితే నెల్లాళ్ళు నవ్వుతుందని గబగబా ఇంటి మెట్లెక్కాను కూడా. తలుపు తాళం తీస్తుంటే గుర్తొచ్చింది.

ఇంకొకటి లెక్కల మాస్టారు చేసుకున్నది. దానికి మీటలుండవు, రెండు ఇత్తడి రేకులుంటాయి. ఆయన ఒక రేకు మీద, భార్య ఇంకో రేకు మీద వేలు పెట్టి, రెండో చేతులు పట్టుకుంటే అప్పుడు పలుకుతుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత పైస్థాయికి పోతుంది. "మొన్నటిదాకా కీచుమనేదండీ, ఇప్పుడు గుర్రుమంటోంది" అన్నాడు. "పెళ్ళయి ఎన్నేళ్ళయింది మాస్టారూ?" అన్నాను. "పద్దెనిమిది" అన్నాడు. "అయితే మిషను తప్పేం లేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నిజానికి లోపల ఒక టంకం ఊడింది, పెట్టేశాను. పని చేస్తోందో లేదో చూడాలి కదా. ఆయన దాన్ని నా దగ్గర వదిలి వెళ్ళాక రెండు రేకులూ నేనే ముట్టుకుని చూసుకున్నాను.

ఇక మన మిషను సంగతి. పాప పెద్దయ్యాక ఈ ఉత్తరం చదువుతుందేమో, అందుకని నీకు తెలిసినవి కూడా రాస్తున్నాను, విసుక్కోకు.

మీ అమ్మ పదకొండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తలకి హెడ్‌ఫోను, ఎదురుగా గోడంత బోర్డు, చేతిలో ప్లగ్గుల తీగలు. ఈ చెవితో ఒకరి గొంతు విని ఆ కన్నంలో గుచ్చి ఇంకొకరితో కలిపేది. ఆటోమేటిక్ వచ్చాక ఆపరేటర్లను ఇంటికి పంపేశారు, బోర్డుల్ని తుక్కులో పడేశారు. మీ అమ్మ ఇంట్లో కూర్చుని, పని లేని చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ ఉండేది. నాకది చూడబుద్ధి కాలేదు. తుక్కులోంచి ఒక బోర్డు తోపుడుబండి మీద వేసుకుని తెచ్చాను. ఏడాది కూర్చుని దాని వెనక సింథసైజర్ కట్టాను. పలికేవి మూడు, లావుది ఒకటి, సన్నవి రెండు. నేను ఆసిలేటర్లు అనేవాణ్ణి, ఆవిడ గొంతులు అనేది. ఏ గొంతుని ఏ కన్నంలోకి కలిపితే ఏం పలుకుతుందో నాకంటే ముందు ఆవిడకే తెలిసిపోయింది. నాటకాలవాళ్ళు వచ్చి గాలీ, రైలూ, గుర్రాలూ చేయించుకునేవాళ్ళు. ఒకసారి వాన చేసింది. కింది వాటా దర్జీ పరుగెత్తుకుంటూ మేడెక్కి ఆరేసిన బట్టలన్నీ తీసేశాడు. ఎండ మండిపోతోంది అప్పుడు.

స్విచ్చి వేస్తే దానంతటదే పాడుతుంది గానీ, ఆ మిషనుకు జ్ఞాపకం ఉండదు. ప్లగ్గులు గుచ్చిన చోట, నాబులు తిప్పిన చోట ఉన్నంతసేపే ఆ పాట. ఒక్కటి కదిలితే ఇంకొకటవుతుంది. చివరి మూడు వారాలూ వీపుకి దిండు ఆనించుకుని, ఆయాసపడుతూ, పుట్టబోయే పాప కోసం ఒకటి అల్లింది. "టేపు చేయనా?" అంటే "పూర్తవనివ్వండి సోల్డరు గారూ, అప్పుడే కొలతలేమిటి" అంది. టంకాలు పెట్టేవాణ్ణని నన్నలా పిలిచేది. పూర్తయిందో లేదో చెప్పకుండానే పోయింది.

"దాన్ని ముట్టుకోకు నాన్నా, డాక్టరు మంచం దిగనిచ్చి ప్రయాణం చేసేలా అయ్యాక వచ్చి వింటాను" అని రాశావు. ముట్టుకోనని మాటిచ్చాను. ఆ తరవాత ఉండబట్టలేక, కాన్పులోగా టేపు పంపమన్నావు. పంపాను. కాన్పు గదిలోకి కూడా తీసుకెళ్ళానని రాశావు. ఇప్పుడు రోజూ పాపకి వినిపిస్తూ, "ఇది అమ్మమ్మ" అని చెబుతున్నావట. ఈసారి ఉత్తరంలో నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. "నాలుగో నిమిషంలో ఒక్కసారిగా కిందికి జారిపోతుంది నాన్నా, ఎవరో పిలిచి పిలిచి ఊరుకున్నట్టు. అమ్మ నన్నే పిలిచింది కదూ? రాలేదని కోపమొచ్చిందా? ఆ చోటు వచ్చినప్పుడల్లా పాపని పక్కన పడుకోబెట్టేసి ఏడుస్తున్నాను."

అది మీ అమ్మ కాదు తల్లీ. అది నేను.

అంతా చెబుతాను. నీ ముద్దుపేరుకి తగ్గట్టు ఫ్యూజు ఎగిరిపోయినా సరే, చివరిదాకా చదువు.

మీ అమ్మ పోయాక రోజూ పొద్దున పదింటికి మిషను వేసి, వేడెక్కేదాకా ఆగి, కూర్చుని వినేవాణ్ణి. పదిహేను రోజులు వేలు తగలనివ్వలేదు. అంతలో చలి మొదలైంది. చలికి ఆ మిషను శ్రుతి కదులుతుందని నీకు తెలుసు. సన్నగొంతులు రెండూ ఒకదానికొకటి దూరమైనట్టు అనిపించింది. నలభై ఏళ్ళుగా తప్పింది కనబడితే సరిచేయడమే నా పని. చెయ్యి ఊరుకోలేదు. వెంట్రుకవాసి తిప్పాను. హాయిగా అనిపించింది, ఆవిడకి దిండు సర్దినట్టు. మర్నాడు మళ్ళీ తేడాగా ఉంది, ఇంకో వెంట్రుకవాసి తిప్పాను. అలా ఐదు వారాలు. రోజూ అదే పాట వింటున్నాననే అనుకున్నాను.

టేపు చేసిన రోజు, నాలుగో నిమిషంలో మళ్ళీ తేడా వినిపించింది. రికార్డు అవుతుండగానే చెయ్యి పెట్టాను. కళ్ళనిండా నీళ్ళు, నాబు సరిగ్గా కనబడలేదు. రెండోవైపుకి తిరిగిపోయింది. గొంతు జారిపోయింది. కంగారుపడి మళ్ళీ పైకి తెచ్చాను. నువ్వు విన్నది అదే. మళ్ళీ చేయొచ్చు కదా అంటావు. ఇంకోసారి కూర్చునే ఓపిక లేదు. నీకు తెలియదులే అనుకున్నాను. అదీ నా తెలివి.

పోస్టు చేసిన మర్నాడు దర్జీ పైకొచ్చాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ అనేది. ఈసారి మాత్రం గుమ్మంలో నిలబడి, మెడలోని కొలతల టేపు తీసి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, అప్పుడడిగాడు.

"అన్నయ్యగారూ, వదినగారి మిషను మీరేమైనా ముట్టుకున్నారా?"

"ఏం?"

"ఏం లేదండీ. ఆవిడ చివర్లో వేసినదానికి ఊయల ఊగినట్టు ఒక ఊపుండేది. కింద నా కుట్టుమిషను తొక్కుతుంటే కాలు దానంతటదే దానికి పడేది. ఆవిడ పోయాక కూడా మీరు వేసినప్పుడల్లా పడేది. ఈ మధ్య పడటం లేదు. ఊపే లేదు. సాఫుగా ఉంది."

 రెండు గొంతులు పూర్తిగా కలిసిపోతే వాటి మధ్య అల ఉండదు. కొంచెం తేడా ఉంటేనే ఆ ఊపు లేస్తుంది. ఇది నాకు తెలియని సంగతా? మిషను కట్టిన కొత్తలో నేను రెంటినీ కచ్చితంగా కలిపి పెడితే మీ అమ్మ నన్ను తిట్టింది. "రెండూ ఒకటే అయిపోతే ఇక వినడానికేముంది? పక్కపక్కన నడవనివ్వండి" అంది. అప్పటినుంచీ ఆ తేడా ఆవిడే పెట్టుకునేది. నేనేమో చలివల్ల వచ్చిన తప్పనుకుని, ఆవిడ పెట్టిన తేడానే రోజుకింత తుడిచేశాను. శ్రుతి చేశాననుకున్నాను, అమ్మని తీసేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తరవాత ఇరవై రోజులు దాన్ని వెతికాను. రోజూ పొద్దున దర్జీని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి. వెంట్రుకవాసి తిప్పి "ఇదా?" అంటే, కాలు నేలకి ఆడిస్తూ "దగ్గరికొచ్చిందండీ... కాదు కాదు" అనేవాడు. ఒకరోజు లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇక వద్దన్నయ్యగారూ. మీరిన్ని రకాలు వినిపిస్తుంటే అసలుది నా కాలు కూడా మర్చిపోతోంది" అన్నాడు. ఆరోజు నుంచి మిషను వేయలేదు. మీ అమ్మ అల్లిన పాట ఇప్పుడెక్కడా లేదు. పోగొట్టింది నేనే.

ఇదంతా నీకు అప్పుడే రాయాల్సింది. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది, పాప పుట్టిందని, ఆ టేపు వింటుంటే పక్కన అమ్మ కూర్చున్నట్టే ఉందని. మింగలేక కక్కలేక ఊరుకున్నాను. నువ్వలా సుఖంగా నమ్ముతూ ఉంటే బహుశా చచ్చేదాకా చెప్పేవాణ్ణి కాదు. కానీ నా చెయ్యి తప్పిన చోట మీ అమ్మ కోపం వినబడుతోందని రాశావే, దాన్ని మాత్రం నీ నెత్తిన ఉండనివ్వలేను.

మీ అమ్మకి నీ మీద కోపం లేదు. నీకు కబురు పెడతానని నేను రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ కలాన్ని నా చేతిలోంచి లాక్కుంది. "డాక్టరు మంచం దిగొద్దన్నాక దాన్ని రమ్మంటారా? అది కదిలిందంటే మీ ఇద్దరితోనూ మాట్లాడను" అంది. పోయే ముందు రోజు మధ్యాహ్నం ఆ పాట వేసి నన్నడిగింది, ఇది వింటే పిల్ల పడుకుంటుందా లేస్తుందా అని. లేస్తుందన్నాను. "అయితే మీ కూతురు నన్ను తిట్టుకుంటుంది" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. నేను పక్కనే ఉన్నాను, అది మాత్రం నాకు వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తుంది.

నన్ను క్షమించమని అడగను. కోపం వస్తే రానీ, నాకు రాయాలనిపించకపోతే మానెయ్. పాప బరువు మాత్రం అల్లుడి చేత ఒక ముక్క రాయించు. ఆ టేపు వినిపించడమా మానడమా నీ ఇష్టం. పాప దానికే నిద్రపోతోందంటే వినిపించు, పసిపిల్ల అలవాటు ఎందుకు మాన్పించాలి. కానీ ఇక మీద అమ్మమ్మ అని మాత్రం చెప్పకు. ఆ నాలుగో నిమిషం వచ్చినప్పుడు పాపని పక్కన పడుకోబెట్టెయ్యకు, ఒళ్ళోనే ఉంచుకుని, తాతయ్య ఏడుస్తున్నాడని చెప్పు.

ఇట్లు,
మీ నాన్న