శీను తొట్టి, మా బర్రె కొమ్ములు

ఆదివారం రాత్రి

మా మరిది శీను షాద్‌నగర్ నుంచి వచ్చి ఇంజనీరు అవతారమెత్తాడు. గడ్డి వృథా కావొద్దని పాత ప్లాస్టిక్ డ్రమ్మును రంపంతో నిలువునా కోసి, ముందు కిటికీ ఊచలు బిగించి బర్రెకు తొట్టి చేశాడు. కొలతలు ఫోన్లో వీడియో చూసి తీసుకున్నాడట. ఆ వీడియోలో ఆవులకు కొమ్ములే లేవు! మా బర్రెకేమో బారెడు కొమ్ములు. తల ఊచల దగ్గరే ఆగిపోయింది. పాపం, గడ్డి వైపు చూసింది, నా వైపు చూసింది.

"గా ఊచలు తీసెయ్యరాదు శీనూ?" అన్నాను.

"గంత కష్టపడి బిగించిన వదినా! కొమ్ములు జర కోస్తె అయిపాయె," అన్నాడు ఆ మేధావి.

నవ్వొచ్చింది. పక్కకు చూస్తే మా ఆయన సరేనని తల ఊపుతున్నాడు. నవ్వు ఆగిపోయింది. పేడ ఎత్తేది నేను, పాలు పిండేది నేను. కొమ్ముల సంగతి తేల్చేది మాత్రం ఈ ఇద్దరు.

పొద్దున్నే కోస్తారట. ఇందాకటి నుంచి అన్నదమ్ములు రంపం కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. నేనూ వాళ్లతో కాసేపు వెతికాను. ఇప్పుడు పరుపు మీద కూర్చుని ఇది రాస్తుంటే, రంపం పళ్లు కింద గుచ్చుకుంటున్నాయి.