రెండు వేళ్ల మడత

డిసెంబర్ 10, 2009

పొద్దున లేచేసరికి వీధినిండా పటాకుల కాగితాలు. రాష్ట్రం ఇస్తామని రాత్రి ఢిల్లీలో చెప్పారట. మా ఆయన ఆటోకి బంతిపూలు కట్టుకుని పోయాడు. ఇవ్వాళ ఎవరినీ కిరాయి అడగడట. సరే, ఒక్కరోజే కదా.

నస్రీన్ సంతోషం వేరు. బడి లేదు. "అమ్మీ, తెలంగాణ అచ్చినా పదో తరగతి పరీక్షలు ఉంటయా?"

"ఉంటయి బిడ్డా, యాడికి పోతయి."

మొహం మాడ్చుకుంది.

డిసెంబర్ 24

ఇచ్చిన మాట వెనక్కి పోయింది. మళ్లీ బంద్. మా మానుకోట స్టేషన్లో రైళ్లు ఆగిపోయాయి. బడికి తాళం.

జనవరి 8

బంద్ అంటే ఊరందరికీ పరేషాన్. నాకు మాత్రం... రాయడానికి సిగ్గుగానే ఉంది, హాయిగా ఉంది. పిల్ల పొద్దంతా నా మిషను పక్కనే. నేను జాకెట్లు కుడతాను, తను హుక్కులు, కాజాలు. ఒళ్లో సైన్సు పుస్తకం. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను పుస్తకం మీద. వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్లీ చదువు. ఎవరో ఒకరు వస్తారు, "అక్కా, మాది అయిందా?" అని. నేను నస్రీన్ వైపు చూస్తాను. పుస్తకం మూస్తుంది, హుక్కు అందుకుంటుంది.

నా లెక్క నాకుంది. పది కాగానే ఇక్కడి కాలేజీలోనే ఇంటర్. సాయంత్రాలు నా పక్కన ఇంకో మిషను. తనకింకా చెప్పలేదు. అడగాల్సింది ఏముంది.

జనవరి 19

వెనక వీధి కుర్రాళ్లు ఊరేగింపు బ్యానర్లకు అంచులు కుట్టించుకుపోయారు. పసుపు బట్ట, ఎర్ర అక్షరాలు. ఒకటి గాలికి నిలువునా చినిగి తిరిగొచ్చింది. "గిది అతుకుతదా అక్కా?" అతకదు. తుడుపుగుడ్డకు పనికొస్తుందని దాచాను.

ఫిబ్రవరి 21

బడి తెరిచారు. ఆదివారాలు కూడా క్లాసులే. మార్చి ఆరున ఫేర్‌వెల్ అట. ఆడపిల్లలంతా చీరలు కట్టుకోవాలని వాళ్లలో వాళ్లే ఒట్టు పెట్టుకున్నారు. ఇంకేముంది, సగం పదో తరగతి నా గుమ్మంలోనే. సరిత వాళ్లమ్మ పట్టుచీర ఎత్తుకొచ్చింది, అమ్మకు తెలుసో లేదో. అందరికీ టేపు పట్టాను. "ఊపిరి బిగవట్టకు పిల్లా, రేపు కూసున్నంక తెలుస్తది." గౌన్లు వేసుకుని వచ్చేవాళ్లు వీళ్లంతా.

మార్చి 2

చివరికి నస్రీన్‌ది. నా పెళ్లికి మా అమ్మ పెట్టిన పసుపు చీర ఇచ్చాను. దాని జాకెట్ బట్ట ఇన్నాళ్లూ కత్తెర పడకుండా ఉంది. ఇవ్వాళ పడింది. పిల్ల బడిలో ఉంది, కొలతకు ఆగడం ఎందుకని కత్తిరించేశాను. నా బిడ్డ కొలత నాకు తెలియదా.

మార్చి 5

తెలియదు.

జాకెట్లో నస్రీన్ చేతులు దూరాయి. భుజాల దగ్గర ఆగిపోయింది. లాగితే కుట్టు చిటుక్కుమంది. ఇంట్లో మేము ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకుంటాం. కోపమొస్తే మాత్రం ఇది ఉత్త తెలుగులోకి దిగుతుంది.

"ఎవల కొలత ఇది?"

"నీదే."

"నాది ఎప్పుడు తీస్కున్నవ్? అందరికి టేపు వట్టినవ్, నాకు వట్టినవా?"

నా కళ్లలో ఉన్నది పోయిన ఏడాది పిల్ల. ఎప్పుడు పెరిగింది? రోజూ పక్కనే కూర్చుంది కదా.

రేపే ఫేర్‌వెల్. ఇవ్వాళ బంద్, బట్టల కొట్లన్నీ మూత. ఊళ్లో వాళ్ల జాకెట్లకైతే లోపల బట్ట వదులుతాను, తర్వాత విప్పుకోవచ్చని. దీనికి అదీ వదల్లేదు. ఇంట్లో పసుపు బట్ట అంటే చినిగిన ఆ బ్యానర్ ఒక్కటే. రెండు చంకల కింద రెండు పట్టీలు అతికాను. ఎంత తప్పించినా ఒక పట్టీలో ఎర్ర అక్షరం సగం ఉండిపోయింది. వేసుకుని, చెయ్యెత్తి అద్దంలో చూసుకుంది. కోపం ఎటు పోయిందో, పడీ పడీ నవ్వింది.

"చెయ్యి లేపితె తెలంగాణ కనవడ్తది అమ్మీ."

నవ్వుతూనే, జాకెట్ విప్పి నా చేతిలో పెడుతూ అంది. "అమ్మీ, నేను ఇంటర్ జనగామల చదువుత. ఖాలా ఇంట్ల ఉంట."

జనగామలో నా చెల్లెలు ఫర్హానా ఉంది. దవాఖానాలో నర్సు. ఇదీ నర్సు అవుతుందట.

"ఆ సదువు ఈడ లేదా?" అన్నాను.

"ఉన్నది. కని ఈడుంటె నువ్వు మిషను కాడికెల్లి లేవనియ్యవు."

మామూలుగా అంది. తప్పు పట్టినట్టు కూడా కాదు. పట్టీకి రెండో కుట్టు వేయబోయాను. కాళ్లు మిషను మీద ఆడుతున్నాయి, కుట్టు ఎటు పోతోందో నాకు కనపడలేదు. ఆ పట్టీ మళ్లీ విప్పి కుట్టాల్సి వచ్చింది.

మార్చి 6

తల్లులనూ రమ్మన్నారు, బడి నుంచి ఇప్పుడే వచ్చాను. ముందు ఇది రాయాలి.

నస్రీన్ చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, మోచేతులు ఒంటికి అదిమి పెట్టుకుని తిరిగింది పొద్దంతా. పెద్ద మేడం ఒక్కొక్కరినీ పిలిచి రెండు ముక్కలు చెప్పమంటోంది. ఒకరిద్దరు ఏడ్చారు. సరిత మైకు పట్టుకుని పేరు చెప్పి దిగిపోయింది. నస్రీన్ వంతు. సార్లకు, మేడంలకు దండాలు అయ్యాయి. తర్వాత వెనక బెంచీలో ఉన్న నా వైపు చూసింది.

"ఈడున్న జాకెట్లన్ని మా అమ్మీ కుట్టినయే. హుక్కులు మాత్రం నేను కుట్టిన. ఊడితె అమ్మీని అనకున్రి, నన్ను అనున్రి."

హాలంతా నవ్వు. పిల్లలు హుక్కులు తడిమి చూసుకుంటున్నారు. అప్పుడే రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. "జై తెలంగాణ" అని కేక. బడి పిల్లలు ఊరుకుంటారా, హాల్లో అందరి చేతులూ లేచాయి. దాని చెయ్యి కూడా లేచింది. ఎర్ర అక్షరం సగం, అందరి ముందూ. అప్పుడు గుర్తొచ్చి గబుక్కున దించింది. నన్ను చూసి నాలుక కరుచుకుంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కనున్న సరిత వాళ్లమ్మ "ఏమైందక్కా?" అంటే కంట్లో నలుసు అన్నాను. ఇంత సంతోషం నాకు నిఖా రోజు కూడా లేదు. నిజం.

మార్చి 14

జనగామ మాట నేను ఎత్తలేదు. అదీ ఎత్తలేదు. హుక్కుల పని నేనే చేసుకుంటున్నాను. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పిల్ల చదువుకుంటోంది.

ఏప్రిల్ 8

పరీక్షలు అయిపోయాయి. "ఎట్ల రాసినవ్?" "మంచిగనే." అంతే. పోయి పడుకుంది.

యూనిఫాం ఉతికి ఆరేశాను. ప్రతి జూన్‌లో రెండు వేళ్ల మడత వదిలి కుడతాను, దసరాకి విప్పుతాను. ఆ మడత గీత ఎంత ఇస్త్రీ చేసినా పోదు. తీగ మీద ఆ గీత చూస్తూ నిలబడ్డాను. హైస్కూలు అయిపోయింది. ఫర్హానాను పక్కన పెడితే, మా ఇంట్లో ఇంతవరకు వచ్చింది ఇదే మొదలు. నేను తొమ్మిదితో ఆగాను. మా ఆయన ఐదు.

ఏప్రిల్ 23

ఫర్హానా ఫోన్. "పంపు ఆపా, నా ఇంట్ల ఆడివిల్ల లేదు. నీ అంత మంచిగ చూసుకోనా?" చూసుకుంటుంది. అదే భయం.

మా ఆయన్ని అడిగాను. "నన్నెందుకు అడుగుతవ్? నువ్వు ఉండగలుగుతవా, గది చెప్పు" అన్నాడు. ఆటో తీసుకుని పోయాడు.

మే 9

ఫలితాలు ఇంకా రాలేదు. పాసవుతుంది, నాకు తెలుసు. ఈ మాట కూడా టేపు పట్టకుండానే అంటున్నాను.

మధ్యాహ్నం బజారుకు పోయి నీలం పూల బట్ట తెచ్చాను, పంజాబీ డ్రెస్సుకి. రిజల్ట్ రాకముందే ఎందుకు అంటాడు మా ఆయన. బట్ట చూసి నస్రీన్ వచ్చి నా ముందు నిలబడింది, చేతులు చాపి. భుజం, నడుము, పొడవు, అన్నీ టేపుతో. నాకంటే ఎత్తు అయింది. టేపు పైకి ఎత్తి పట్టాల్సి వచ్చింది.

కత్తెర వేసేశాను.

పైజామా అంచు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. మడత వదలాలా? జనగామలో దసరాకి విప్పేదెవరు?

"వదులు అమ్మీ. నాకు విప్ప వస్తది. సూది ఒక్కటి ఇయ్యి."

రెండు వేళ్లు మడిచాను. చూసుకుని మూడు చేశాను. మళ్లీ విప్పాను. దీపాల వేళ అయింది, బట్ట ఇంకా మిషను మీదే ఉంది.