కర్పూరం ఆర్పిన చెయ్యి

కొత్తపేట, 14-8-82

చిరంజీవి గంగాధరానికి అమ్మ దీవెనలు. మీ అన్నయ్య పోయి నిన్నటికి మూడు నెలలు. పచ్చబడిన వాడి కళ్లు చూసి తాగుడే అనుకున్నాను. ఐనవిల్లి వినాయకుడి ముందు అరచేత్తో కర్పూరం ఆర్పి "తాగలేదమ్మా" అని ఒట్టేసినా నమ్మలేదు. నిన్న వాడి పాత మందుల చీటీలు చూసి డాక్టరుగారు చెప్పేరు: "తాగుడు కాదండీ. ముదిరిన షుగరు వల్లే కాలేయానికి కొవ్వు పట్టి చెడిపోయిందండీ. తమ్ముణ్ణి కూడా చూపించుకోమనండి."

వాడి చెయ్యి కాలిన మచ్చే కళ్లలో మెదులుతోంది నాయనా. వెంటనే రక్తపరీక్ష చేయించుకో. పంపిన కొబ్బరి లౌజు నువ్వు ముట్టకు, పిల్లలకి పెట్టు. పాపకి జ్వరం తగ్గిందా? కోడలికీ పిల్లలకీ ఆశీస్సులు. పరీక్షలో ఏమొచ్చినా దాచకుండా రాయి. నువ్వేం రాసినా నమ్ముతాను.

అమ్మ