నజీమా వచ్చిన వేళలు

మంగళవారం, రాత్రి

మార్కెట్లో బాంబు పేలిన దగ్గర్నుంచి మా బేర్ సరాయ్ సందు మొదట్లో తుపాకుల పోలీసులు కదలడం లేదు. ఇవాళ ముగ్గురు మా మెట్లెక్కారు. మా అమ్మాయి ఆఫీసుకు వెళ్ళింది, ఇంట్లో నేనొక్కదాన్నే. పై గదిలో అద్దెకుంటున్న కర్నూలు నర్సు నజీమా గురించి అడిగారు.

"మాతాజీ, ఆ పిల్ల ఎప్పుడెళ్తుంది, ఎప్పుడొస్తుంది?" అన్నాడు పెద్దాయన హిందీలో.

నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చేదాకా నాకు కునుకు పట్టదు. వచ్చిన టైము రోజూ ఇందులో రాసుకుంటాను. డ్యూటీ తప్ప మరొకటి తెలియని పిల్ల అని చెప్పడానికి ఈ డైరీయే తెచ్చి చూపించాను. ఆయన పేజీ పేజీకీ ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

"ఠీక్ హై మాతాజీ, తెలుగు చదివేవాళ్ళు మాకూ ఉన్నారు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బాంబు పెట్టినవాణ్ణి పట్టుకోవద్దని నేననను. కానీ ముసలిదాని బెంగతో వాళ్ళకేం పని? "నజీమా ఇంకా రాలేదు, భయంగా ఉంది" అని ఎన్నిసార్లు రాశానో. ఆ భయం దేనికని చదువుకుంటారు వాళ్ళు?

నజీమా రాగానే అంతా చెప్పేశాను.

"ఏంది అమ్మమ్మా, మా అమ్మ గూడా ఇంత రాయదు గదా!" అని నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ పెట్టుకోలేదు.

ఇవాళ ఎన్నింటికి వచ్చిందో నాకు తెలుసు. రాయను.